కొలిచే చేయి మనది కావాలి

(మన సంఘం వార్షికోత్సవం సందర్భంగా హైదరాబాద్ పాతబస్తీలో జరిగిన యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

  

సంఘం వాళ్లు నాకు ఇచ్చిన అంశం "చదువులు, ఉద్యోగాలు". అది చాలా పెద్దది. నాకు తెలిసినంత మేరకే మాట్లాడతాను. నేను చదివింది, ఇప్పుడు చేస్తున్నది పోషకాహార శాస్త్రం. మన పిల్లలు ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్ రాస్తారు. సీటు రాకపోతే నర్సింగ్, లేదంటే డిగ్రీ చేసి బీఈడీ. న్యూట్రిషన్ అన్న మాట ఎవరి నోటా రాదు. వచ్చినా పెద్దవాళ్లు నవ్వుతారు. "వంట నేర్చుకోవడానికి యూనివర్సిటీకి పోవాల్నా?" అని మా మామ ఇప్పటికీ నన్ను అడుగుతాడు. మామకు ఇచ్చే జవాబే ఈ రోజు మీకు కూడా చెబుతాను.

ఇది వంట చదువు కాదు

మనం తిన్న జొన్నరొట్టె ఒంట్లోకి పోయాక ఏమవుతుంది? అందులోని పిండి పదార్థం రక్తంలో చక్కెరగా ఎంతసేపట్లో మారుతుంది? ఒకే కూర తిన్న ఇద్దరిలో ఒకరికి ఇనుము ఎక్కువ అంది, ఇంకొకరికి తక్కువ ఎందుకు అందుతుంది? ఒక ఊళ్లో నూరు మంది పిల్లలుంటే వాళ్లలో ఎంతమంది వయసుకు తగ్గ ఎత్తు లేరో ఎలా తేల్చాలి? ఈ చదువులో వచ్చే ప్రశ్నలు ఇవి. వీటికి జవాబు కావాలంటే బయోకెమిస్ట్రీ రావాలి, శరీర ధర్మశాస్త్రం రావాలి, సూక్ష్మజీవుల గురించి తెలియాలి, లెక్కలు రావాలి. ఆసుపత్రిలో కిడ్నీ రోగికి, షుగర్ రోగికి, కాలిన గాయాలతో ఉన్నవాడికి ఏది ఎంత పెట్టాలో లెక్క వేయగలగాలి. వంటగది కూడా ఉంటుంది, అబద్ధం ఎందుకు. అయితే అక్కడ గరిటెతో పాటు తక్కెడ కూడా చేతిలో ఉంటుంది.

ఈ శాస్త్రం మన దేశంలో పెరిగిన చోటు మీ అందరికీ బస్సు దూరంలోనే ఉంది. తార్నాకలో ఉస్మానియా యూనివర్సిటీ పక్కన ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్. 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి మీద పరిశోధన కోసం ఒక చిన్న ప్రయోగశాల మొదలుపెట్టాడు. బియ్యాన్ని మరీ తెల్లగా పాలిష్ పట్టి, అదే తిని బతికేవాళ్లకు బి1 విటమిన్ అందక వచ్చే జబ్బు అది. ఆ ప్రయోగశాల పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది.

హైదరాబాద్‌కు వచ్చాక వాళ్ల ముందుకు వచ్చిన పెద్ద సమస్యల్లో ఒకటి మన తిండికి సంబంధించిందే. దాని పేరు పెల్లాగ్రా. ఎండ తగిలే చోట, మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లగా మాడినట్టు అవుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి తప్పుతుంది. బి3 విటమిన్, అంటే నియాసిన్ లోపం వల్ల వస్తుంది. ప్రపంచంలో మిగతా చోట్ల ఇది మక్కలు తినే పేదల జబ్బు. దక్కన్‌లో మాత్రం జొన్న తినే పేదలకు వచ్చింది. డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా దీన్ని పరిశీలించి, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం దీనికి కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. దాని మీద తర్వాత శాస్త్రవేత్తల మధ్య చాలా వాదం నడిచింది. శాస్త్రం అంటేనే అది.

తమ్ముళ్లూ, ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దీన్ని విని "జొన్న తింటే జబ్బు" అనుకోవద్దు. మన తాతలు తరతరాలు జొన్న తిన్నారు. జొన్నతో పాటు పప్పు, ఆకుకూర, పాలు, అప్పుడప్పుడు మాంసం ఉన్న ఇంట్లో ఈ జబ్బు రాలేదు. మూడు పూటలా జొన్న గటక తప్ప పళ్లెంలో ఇంకేమీ లేని కూలి ఇంట్లో వచ్చింది. జబ్బు పేరు వైద్య పుస్తకంలో పెల్లాగ్రా. ఊళ్లో దాని పేరు లేమి. ఈ రెండు పేర్లూ తెలిసినవాడే మంచి పోషకాహార శాస్త్రవేత్త అవుతాడు. మొదటి పేరు యూనివర్సిటీ నేర్పుతుంది. రెండోది మనం ఇంటి నుంచే తెచ్చుకుంటాం.

పాతబస్తీలో నేర్చుకున్న పాఠాలు

నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు హాస్టల్ సీటు ఆలస్యంగా వచ్చింది. కొన్నాళ్లు పాతబస్తీలో ఒక ఇంటి మేడ మీద చిన్న గదిలో అద్దెకు ఉన్నాను. ఇంటావిడను ఖాలా అని పిలిచేదాన్ని. క్లాసులో చదివింది సాయంత్రం ఈ గల్లీల్లో కళ్లకు కనిపించేది.

హలీమ్ తీసుకోండి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ వంటకం అది. రంజాన్‌లో మనవాళ్లు కూడా లైన్లో నిలబడి తింటారు. అందులో గోధుమ, పప్పులు, మాంసం, నెయ్యి ఉంటాయి. గోధుమ మాంసకృత్తుల్లో లైసిన్ తక్కువ. పప్పులో, మాంసంలో అది పుష్కలం. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. గంటల తరబడి ఉడికించి మెదపడం వల్ల సులువుగా అరుగుతుంది. పొద్దంతా ఉపవాసం ఉన్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి? నెయ్యి, ఉప్పు మాత్రం చూసుకోవాలి. బీపీ ఉన్న ఖాలాకు అదే చెబితే, "నువ్వు చదివింది నా హలీమ్ మానిపించడానికా బిడ్డా" అనేది. మానమని చెప్పడం సులువు. ఎంత తినొచ్చో లెక్క గట్టి ఒప్పించడం అసలు చదువు.

ఇరానీ చాయ్ ఇంకో పాఠం. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే, చాయ్‌లోని పాలీఫినాల్స్ అన్నంలోని, ఆకుకూరలోని ఇనుమును పట్టేసి ఒంటికి అందనివ్వవు. అదే ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే, అందులోని విటమిన్ సి ఆ ఇనుమును బాగా అందేలా చేస్తుంది. మీర్ ఆలం మండికి పొద్దున్నే పోతే తోటకూర, గోంగూర, మెంతికూర, చుక్కకూర కట్టలు కట్టలుగా ఉంటాయి. పక్కనే నిమ్మకాయలు. దగ్గరలోనే చాయ్ కొట్టు. ఒక ఆడబిడ్డ రక్తం పెరగడమా తగ్గడమా అన్నది ఆ మూడింటిలో దేన్ని ఎప్పుడు తీసుకుంటుందన్న దాని మీద కూడా కొంత ఆధారపడి ఉంటుంది.

ఇక బేగంబజార్. అక్కడ సజ్జలు, రాగులు, కొర్రలు, సామలు బస్తాల్లో చూసినప్పుడల్లా నాకు మన చరిత్ర గుర్తొస్తుంది. మొగలుల దక్కన్ దండయాత్రల కాలంలో ఎద్దుల బిడారుల మీద సైన్యాలకు ధాన్యం మోసింది బంజారాలు. ఈ నగరంలో కార్వాన్ అనే పేట పేరు కూడా ఆ బిడారుల నుంచే వచ్చిందంటారు. అంతమందికి ధాన్యం మోసిన జాతి పిల్లలం మనం. ఈ రోజు మన తండాల్లో, గూడేల్లో పొలాలు పత్తి అయ్యాయి. పళ్లెంలో రేషన్ బియ్యం మిగిలింది. మన సామలు, కొర్రలు ప్యాకెట్లలో "ఆరోగ్య ధాన్యం" అనే పేరుతో బియ్యం కంటే ఎక్కువ ధరకు నగరంలో అమ్ముడుపోతున్నాయి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఈ తేడా తెలిసిన మనవాళ్లు ఊరికి ఇద్దరున్నా, రాగి మళ్లీ పొలంలోకి ఎందుకు రావాలో ఊరి సభలో లెక్కతో చెప్పగలుగుతారు.

అడగని ప్రశ్న రాతలోకి రాదు

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తున్నాను.

పోషకాహార సర్వేల్లో ఒక పద్ధతి ఉంది. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఈ పొద్దు లేచేదాకా ఏమేం తిన్నారో, ఎంత తిన్నారో గుర్తు చేయించి రాసుకుంటారు. కొలత తెలియడానికి రకరకాల సైజుల గిన్నెలు, గరిటెలు చూపిస్తారు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నేను ఒక తండాకు పోయాను. పత్తి ఏరే కాలం. ఒక అక్క చెప్పింది: పొద్దున చాయ్, మధ్యాహ్నం అన్నం పచ్చిపులుసు, రాత్రి అన్నం పప్పు. మూడు లైన్లు. నా కాగితం నిండింది. లెక్క వేస్తే ఆమెకు కావలసిన ఇనుములో, విటమిన్ సిలో సగం కూడా లేదు.

మన భాషలో మళ్లీ అడిగాను. "అక్కా, చేనుకు పోయేటప్పుడు దారిలో ఏమన్నా తిన్నవా?" ఆమె నవ్వింది. "దారిలో తిన్నది కూడా తిండేనా?" అంది. రేగుపండ్లు కొంగు నిండా తిన్నది. చేని గట్టు మీద పచ్చి కందికాయలు ఉడకబెట్టుకొని నలుగురూ కలిసి తిన్నారు. అవన్నీ రాశాను. ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడిగాను. "రాత్రి అందరూ తిన్నంక పప్పు నీకు ఎంత మిగిలింది?" ఈసారి ఆమె నవ్వలేదు. గిన్నెల్లో అన్నిటికంటే చిన్న గరిటె తీసి, దాన్ని సగం వరకు చూపించింది.

ఆ రెండు ప్రశ్నలు ఏ ఫారంలోనూ లేవు. మొదటి ప్రశ్న అడగకపోతే మన అడవి, మన చేను మనకు పెట్టేది లెక్కలోకి రాదు. "వీళ్లకు తినడం తెలియదు" అని రిపోర్టు తయారవుతుంది. రెండో ప్రశ్న అడగకపోతే, ఇంట్లో పప్పు వండినా ఆడమనిషి దాకా రాలేదన్న నిజం బయటపడదు. మొదటిది మన గొప్ప. రెండోది మన తప్పు. మనవాళ్లు కొలిస్తే రెండూ రాయాలి. మన జాతి మీద ప్రేమ ఉంది కాబట్టి రెండోది దాచేస్తామంటే ఈ చదువు మనకు వద్దు.

మన వాళ్లను ఎన్నో దశాబ్దాలుగా కొలుస్తున్నారు. ఎత్తు, బరువు, జబ్బ చుట్టుకొలత, రక్తం. 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో గిరిజన ప్రాంతాల్లోనూ సర్వేలు చేసింది. కొలవడం మంచిదే. కొలవకపోతే ఏ పథకమూ రాదు. కానీ టేపు ఒకవైపు పట్టుకునేవాళ్లు ఎప్పుడూ బయటివాళ్లే, రెండోవైపు నిలబడేవాళ్లు ఎప్పుడూ మనవాళ్లేనా? ఇందులో ఎవరి మీదా కోపం లేదు. గోండి, కోయ, కొలామీ, గోర్ బోలి తెలిసిన మనిషి అడిగితే వచ్చే జవాబు వేరు. పాతబస్తీ నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్‌కు ఈ సంగతి నాకంటే ముందే తెలుసు. ఆమె తన బస్తీలో ఉర్దూలో మాట్లాడి, ఇళ్ల లోపలి గదుల్లో కూర్చొని రాసుకొచ్చిన వివరాలు మేమెవరమూ తేలేకపోయాం.

2017లో ఎన్‌ఐఎన్ ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్లో 528 ఆహారాలు, 151 రకాల పోషకాంశాల వివరాలు ఉన్నాయి. అద్భుతమైన పని. అయినా మన అడవి తిండిలో రాయవలసింది ఇంకా ఎంతో ఉంది. చెంచులు తవ్వుకునే గడ్డల్లో ఏ కాలంలో ఏముంటుంది? ఇప్పపువ్వును ఎండబెట్టే పద్ధతిని బట్టి దాని గుణం ఎలా మారుతుంది? మన పండుగల్లో మేక రక్తంతో, పేగులతో వండే సళోయిలో ఒక్క గిన్నెకు ఎంత ఇనుము ఒంటికి పడుతుంది? సళోయి అంటే బయట ముఖం చిట్లిస్తారు. రక్తంలో, మాంసంలో ఉండే ఇనుము ఆకుకూరలోని ఇనుము కంటే బాగా అందుతుందని పాఠ్యపుస్తకమే చెబుతుంది. శుభ్రంగా, బాగా ఉడికించి వండాలి, అంతే. మీలో ఒకరు దీని మీద పీహెచ్‌డీ చేస్తే మన యాడి వంటకు శాస్త్రంలో ఒక వరుస దొరుకుతుంది.

రక్తహీనత ఒక్కటే జబ్బు కాదు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. 5 ఏళ్ల లోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఇది రాష్ట్రం మొత్తం లెక్క. ఈ హాల్లో కూర్చున్న చెల్లెళ్లలో కూడా మెట్లెక్కితే ఆయాసం, చదువుతుంటే తలనొప్పి, ఎప్పుడూ నిద్ర ఉన్నవాళ్లు ఉంటారు. మీరు బద్ధకస్తులు కాదు. ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. గర్భిణి కాని ఆడవాళ్లకు 12 గ్రాములు, మగవాళ్లకు 13 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు.

అయితే మన విషయంలో ఇంకో సంగతి ఉంది. ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చిన ఒక అమ్మాయిని చూశాను. నెలల తరబడి ఐరన్ మాత్రలు వాడింది. రక్తం పెరగలేదు. కీళ్ల నొప్పులని ఏడ్చేది. "సరిగా తినదు" అని అందరూ ఆమెనే తిట్టారు. చివరికి హిమోగ్లోబిన్ రకం తేల్చే పరీక్ష చేయిస్తే సికిల్ సెల్ అని తెలిసింది. అది తిండి తప్పు కాదు. తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువు. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, త్వరగా చనిపోతాయి. గిరిజన సమాజాల్లో ఇది ఎక్కువ కాబట్టే కేంద్రం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం.

యువత ఇది బాగా వినాలి. జన్యువు ఒక్క వైపు నుంచే వస్తే ఆ మనిషి వాహకుడు మాత్రమే. మామూలుగా జబ్బు ఉండదు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. పెళ్లికి ముందు పేరు, గోత్రం, ఇంటి దేవుడు చూసుకుంటాం. సికిల్ సెల్ కార్డు కూడా చూసుకోవాలి. ఇందులో సిగ్గు లేదు. పాతబస్తీ దాటి రాజేంద్రనగర్ దారిలో శివరాంపల్లి దగ్గర 1998 నుంచి పనిచేస్తున్న తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ అడగండి. సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఐరన్ మాత్రలు సొంతంగా వాడకూడదు. మాటిమాటికి రక్తం ఎక్కించుకునేవాళ్ల ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. ఎవరికి ఇనుము ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తెలియడమే ఈ చదువు. ఇది వంట నేర్చుకోవడం కాదని మామకు ఇక్కడే అర్థమవ్వాలి.

దారి ఎటు?

ఇంటర్‌లో బైపీసీ ఉంటే మంచిది. డిగ్రీలో న్యూట్రిషన్ ఒక సబ్జెక్టుగా ఉన్న బీఎస్సీ కోర్సులకు దోస్త్ ద్వారా సీట్లు ఇస్తారు. ఫారం నింపేటప్పుడు కంప్యూటర్, కామర్స్ గ్రూపుల దగ్గరే ఆగిపోకుండా జాబితా చివరిదాకా చూడండి. సైఫాబాద్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది. పూర్వం హోమ్ సైన్స్ కళాశాల అనేవాళ్లు. ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ అంటున్నారు. అక్కడి కోర్సు 4 సంవత్సరాలు. పీజీకి ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి. ఎన్‌ఐఎన్‌లోనే అప్లైడ్ న్యూట్రిషన్‌లో, స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ ఉంది. దానికి వేరే ప్రవేశ పరీక్ష పెడతారు. పోటీ ఎక్కువే. కానీ అది మన ఇంటి పక్కన ఉన్న దేశస్థాయి సంస్థ. పరీక్ష రాయకుండానే "మనకు రాదు" అనుకోవద్దు.

డబ్బు సంగతి. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్, ఫీజు వాపసుకు ఈపాస్‌లో ప్రతి సంవత్సరం రెన్యువల్ చేయాలి. కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం అడ్మిషన్‌కు నెల ముందే మీసేవలో తీసి పెట్టుకోండి. రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 2022 నుంచి 10 శాతం. పీహెచ్‌డీ చేసే ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఏటా 750 ఫెలోషిప్పులు ఇస్తుంది. విదేశాల్లో చదవడానికి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ ఏటా 20 మందికి వస్తుంది. రాష్ట్రానికి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. వీటి గడువు తేదీలు మన సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టే బాధ్యత ఎవరైనా తీసుకోవాలి. ఈ రోజే తీసుకోండి.

ఉద్యోగాల గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా చేరిన డైటీషియన్‌కు సాఫ్ట్‌వేర్ జీతం రాదు. మొదటి రెండు మూడేళ్లు కష్టం. ఓపిక లేనివాళ్లు ముందే ఆలోచించుకోండి. అయితే దారులు చాలా ఉన్నాయి. ప్రభుత్వంలో అంగన్‌వాడీ సూపర్‌వైజర్, సీడీపీఓ పోస్టులు. తీవ్ర పోషకలోపం ఉన్న పిల్లలను చేర్చుకునే పునరావాస కేంద్రాల్లో న్యూట్రిషనిస్టు పోస్టులు. హోమ్ సైన్స్ సబ్జెక్టుతో యూజీసీ నెట్ రాసి అధ్యాపకులు కావచ్చు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పోషకాహార నిపుణులను కూడా ఒక వృత్తిగా గుర్తించింది. ఇక మీదట సర్టిఫికెట్ లేకుండా యూట్యూబ్‌లో డైట్ చెప్పేవాళ్లకు, చదువుకున్నవాళ్లకు తేడా కనిపిస్తుందని ఆశిద్దాం.

మన ప్రాంతాల్లో చేయవలసిన పని ఎదురుచూస్తోంది. ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఐటీడీఏల పరిధిలో గిరిజన సంక్షేమ శాఖ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కలిసి గిరి పోషణ కార్యక్రమం నడిపాయి. చిరుధాన్యాలు, పప్పులతో చేసిన తిండిని అంగన్‌వాడీ పిల్లలకు, తల్లులకు ఇచ్చారు. ఉట్నూరు వైపు ఆదివాసీ అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఇలాంటి చోట ధాన్యం పండించేది మనం, లడ్డూ చుట్టేది మనం. అందులో ఏముందో పరీక్షించి, లేబుల్ మీద అంకెలు రాసి, సంతకం పెట్టే ఉద్యోగి కూడా మనవాడు ఎందుకు కాకూడదు?

చదువులో కష్టం ఉంటుంది. నాకు మొదటి సంవత్సరం బయోకెమిస్ట్రీ ఇంగ్లీషులో కొరుకుడు పడలేదు. తెలుగు అకాడమీ పుస్తకం పక్కన పెట్టుకొని, ఒక్కో పదం రాసుకొని చదివాను. రెండో సంవత్సరానికి సర్దుకుంది. క్లాసులో "మీరు రిజర్వేషన్‌లో వచ్చారా?" అని అడిగేవాళ్లు ఉంటారు. ఔనని చెప్పండి. వచ్చిన దారి చెప్పుకోవడానికి మనకేం తక్కువ? పాసై వెళ్లే దారి అందరికీ ఒకటే.

ఈ వారం నుంచి చేయగలిగినవి

ఈ చదువు చదవనివాళ్లు కూడా కొన్ని పనులు చేయవచ్చు. అన్నానికి గంట ముందు, గంట తర్వాత చాయ్ వద్దు. హాస్టల్లో ఆకుకూర పెట్టినప్పుడు నిమ్మ ముక్క అడగండి. గుడ్డు పెట్టే రోజు వదిలిపెట్టొద్దు. బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను మీ చెల్లెళ్లు చెట్లలో పారేయకుండా చూడండి. కడుపులో తిప్పుతుందంటే అన్నం తిన్నాక వేసుకోమనండి. సికిల్ సెల్ అనుమానం ఉంటే మాత్రం ముందు పరీక్ష. రెండు రూపాయల చిప్స్ ప్యాకెట్ తండా కొట్టుకు వచ్చినంత సులువుగా పల్లీపట్టీ కూడా రావాలి. ఆ మాట కొట్టు నడిపే అన్నకు చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఈసారి పండుగకు ఇంటికి పోయినప్పుడు వంటింట్లో చివర ఎవరు తింటున్నారో చూడండి. వాళ్ల కంచంలో ఏం మిగిలిందో చూడండి. తమ్ముళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. అమ్మతో, వదినతో కలిసి కూర్చొని తినండి. వాళ్లు తినకముందే కూర గిన్నె ఖాళీ చేయకండి. దీనికి ఏ డిగ్రీ అక్కర్లేదు.

డిగ్రీ కూడా కావాలనుకునేవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి. దోస్త్ ఫారం నింపడం దగ్గర్నుంచి ఎన్‌ఐఎన్ పరీక్ష పాత ప్రశ్నపత్రాల దాకా నాకు తెలిసింది చెబుతాను.